అపాచీ షిరో టెస్టుల్లో లాగిన్: యూజర్‌ని థ్రెడ్‌కి కట్టడం, విప్పడం – సమగ్ర మార్గదర్శి

ఒక టెస్ట్ క్లాస్‌ని మొత్తం బిల్డ్‌తో కలిపి రన్ చేస్తే పాస్ అవుతుంది. దాన్నొక్కదాన్నే రన్ చేస్తే ఫెయిల్ అవుతుంది. జావాలో సెక్యూరిటీ ఉన్న కోడ్‌కి టెస్టులు రాసేవాళ్ళలో చాలామంది ఈ వింతని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో డిపాజిట్ రద్దు చేసే సర్వీస్‌కి రాసిన టెస్ట్ నెలల తరబడి పచ్చగానే ఉంది. అసలు అందులో లాగిన్ చేసే లైనే లేదు. దానికి ముందు నడిచే మరో క్లాస్ మేనేజర్‌గా లాగిన్ అయి, ఆ మేనేజర్‌ని థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో కోడ్ వరసగా నడిచే దారి) మీదే వదిలేసి వెళ్ళేది. మా టెస్ట్ ఆ వదిలేసిన మేనేజర్ భుజాల మీద ఎక్కి పాస్ అవుతూ వచ్చింది. ఒకరోజు క్లాసుల వరస మారింది, అంతే, బయటపడింది. ఆ రోజు పడిన టెన్షన్ కంటే, ఇన్నాళ్ళూ ఆ టెస్ట్ దేన్నీ పరీక్షించలేదన్న సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. సెక్యూరిటీ టెస్ట్ తప్పుగా పాస్ కావడం, తప్పుగా ఫెయిల్ కావడం కంటే ప్రమాదం.

అందుకే ఈ మార్గదర్శి. లాగిన్, అనుమతులు చూసుకునే జావా లైబ్రరీ అపాచీ షిరోని తీసుకుని చెబుతున్నాను. ఇది 2004లో జేసెక్యూరిటీ అనే పేరుతో మొదలై, 2010లో అపాచీలో ఉన్నత స్థాయి ప్రాజెక్టు అయింది. షిరో అంటే జపనీస్ భాషలో కోట. క్లాసుల, మెథడ్ల పేర్లని పలికినట్టే రాశాను. జావా టెస్టులు నడిపే జూనిట్ 5 వాడుతున్నారని అనుకుంటున్నాను.

## ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

షిరోలో ప్రస్తుత యూజర్‌ని సబ్జెక్ట్ అంటారు. కోడ్‌లో ఎక్కడి నుంచైనా సెక్యూరిటీయుటిల్స్ క్లాస్‌లోని గెట్‌సబ్జెక్ట్ మెథడ్‌ని పిలిస్తే ఆ సబ్జెక్ట్ చేతికొస్తుంది. పారామీటర్ ఏదీ ఇవ్వం. మరి ఏ యూజరో దానికెలా తెలుస్తుంది? థ్రెడ్‌ని బట్టి. థ్రెడ్‌కాంటెక్స్ట్ అనే క్లాస్ ప్రతి థ్రెడ్‌కీ ఒక మ్యాప్ ఉంచుతుంది. అందులో ఆ థ్రెడ్‌కి కట్టిన సబ్జెక్ట్, సెక్యూరిటీ మేనేజర్ (లాగిన్లు, అనుమతులు, సెషన్లు నడిపే షిరో ప్రధాన ఆబ్జెక్ట్) ఉంటాయి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ మ్యాప్‌లో సబ్జెక్ట్ లేకపోతే గెట్‌సబ్జెక్ట్ నల్ ఇవ్వదు. అప్పటికప్పుడు పేరులేని కొత్త సబ్జెక్ట్‌ని తయారుచేసి, దాన్ని థ్రెడ్‌కి కట్టి, మీకు ఇస్తుంది. అంటే ఊరికే "ఎవరున్నారు?" అని అడిగినా ఒక ముడి పడుతుంది. లాగిన్ కాని అతిథి ఏం చేయగలడో చూసే టెస్ట్ కూడా థ్రెడ్ మీద మరక వదిలే వెళ్తుంది. "మా టెస్టులో లాగినే లేదు, శుభ్రం చేయడానికేముంది" అనుకోవడం ఇందుకే తప్పు.

వెబ్ అప్లికేషన్‌లో ఈ కట్టడం, విప్పడం మన కంటికి కనపడవు. ప్రతి రిక్వెస్ట్ రాగానే షిరో ఫిల్టర్ సబ్జెక్ట్‌ని తయారుచేసి థ్రెడ్‌కి కడుతుంది, పని అయ్యాక విప్పుతుంది. టెస్టులో ఆ ఫిల్టర్ లేదు. ఆ రెండు పనులూ మనమే చేయాలి. ఈ గైడ్ అంతా ఆ రెండు పనుల గురించే.

సెక్యూరిటీ మేనేజర్ రెండు చోట్ల ఉండొచ్చు: థ్రెడ్ మ్యాప్‌లో, లేదా సెక్యూరిటీయుటిల్స్‌లో స్టాటిక్‌గా. షిరో ముందు థ్రెడ్‌లో వెతుకుతుంది, దొరక్కపోతే స్టాటిక్‌గా పెట్టినదాన్ని తీసుకుంటుంది. రెండు చోట్లా లేకపోతే అన్‌అవైలబుల్‌సెక్యూరిటీమేనేజర్‌ఎక్సెప్షన్ విసురుతుంది. కొత్తగా టెస్టులు రాసేవాళ్ళకి మొదట ఎదురయ్యేది సాధారణంగా ఇదే.

## మొదటి అడుగు: టెస్టులకు సొంత యూజర్లు

అసలు డేటాబేస్ జోలికి పోవద్దు. టెస్ట్ రిసోర్సుల ఫోల్డర్‌లో టెస్టుల కోసమే ఒక ఐఎన్‌ఐ ఫైల్ పెట్టండి. ఉదాహరణకి ఒక సహకార పరపతి సంఘం సాఫ్ట్‌వేర్ అనుకుందాం. యూజర్స్ విభాగంలో ఒక్కో లైన్‌లో యూజర్ పేరు, సమానం గుర్తు, పాస్‌వర్డ్, కామా, రోల్. రమకి క్లర్క్ రోల్, కిరణ్‌కి మేనేజర్ రోల్. రోల్స్ విభాగంలో క్లర్క్‌కి డిపాజిట్ చూసే అనుమతి మాత్రమే. మేనేజర్‌కి డిపాజిట్, కోలన్, నక్షత్రం గుర్తు, అంటే డిపాజిట్ మీద అన్ని పనులూ చేయొచ్చని. ఏ రోల్ లేని మూడో యూజర్ ఒకరిని కూడా పెట్టుకోండి. అనుమతులు లేనివాళ్ళని పరీక్షించడానికి ఆ మూడో యూజర్ చాలా పనికొస్తాడు.

పాస్‌వర్డ్‌లు ఈ ఫైల్‌లో మామూలు టెక్స్ట్‌గానే ఉంచండి. ఇది టెస్ట్ ఫైల్ కాబట్టి ఫరవాలేదు. అసలు హ్యాషింగ్ (పాస్‌వర్డ్‌ని తిరిగి చదవలేని రూపంలోకి మార్చడం) ఇక్కడ పెడితే ప్రతి లాగిన్‌కీ సమయం పోతుంది: షిరో 1.x లోని డిఫాల్ట్ పాస్‌వర్డ్ సర్వీస్ ఒక్క పాస్‌వర్డ్‌ని 5,00,000 సార్లు హ్యాష్ చేస్తుంది. దొంగని అడ్డుకోవడానికి అది మంచిదే, కానీ వందల టెస్టుల్లో అన్నిసార్లు అవసరం లేదు. హ్యాషింగ్‌కి విడిగా ఒకటి రెండు టెస్టులు రాస్తే సరిపోతుంది.

ఈ ఫైల్ నుంచి సెక్యూరిటీ మేనేజర్ తయారుచేయడానికి పాత ఉదాహరణల్లో ఐఎన్‌ఐసెక్యూరిటీమేనేజర్‌ఫ్యాక్టరీ కనిపిస్తుంది. కొత్త వెర్షన్లలో బేసిక్‌ఐఎన్‌ఐఎన్విరాన్‌మెంట్ వాడండి. దానికి క్లాస్‌పాత్ కోలన్‌తో మొదలయ్యే ఫైల్ దారి ఇచ్చి, గెట్‌సెక్యూరిటీమేనేజర్ పిలిస్తే చాలు.

ఇక్కడ ఒక ఇంపోర్ట్ ఉచ్చు ఉంది. జావాలోనే, జావా లాంగ్ ప్యాకేజీలో, సెక్యూరిటీమేనేజర్ అనే క్లాస్ ఉంది. మీరు షిరో క్లాస్‌ని ఇంపోర్ట్ చేయడం మర్చిపోతే కంపైలర్ మాట్లాడకుండా ఆ జావా క్లాస్‌ని తీసుకుని, తర్వాత "టైప్ కుదరలేదు" అని అర్థంకాని చోట ఎర్రగీత పెడుతుంది. షిరో ప్యాకేజీ నుంచి ఇంపోర్ట్ చేశారో లేదో ముందు చూసుకోండి.

## రెండో అడుగు: కట్టడానికి, విప్పడానికి ఒక బేస్ క్లాస్

షిరోలో థ్రెడ్‌స్టేట్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. సబ్జెక్ట్ కోసం దాని అమలు సబ్జెక్ట్‌థ్రెడ్‌స్టేట్. దీనికి మూడే పనులు, మూడూ బాగా అర్థం చేసుకోవాలి.

బైండ్: థ్రెడ్ మ్యాప్‌లో ఇప్పటిదాకా ఉన్నదాన్ని పక్కన దాచుకుని, మ్యాప్ ఖాళీ చేసి, మీ సబ్జెక్ట్‌ని కడుతుంది. సెక్యూరిటీ మేనేజర్ దొరికితే దాన్నీ కడుతుంది.

రిస్టోర్: మీరు కట్టింది తీసేసి, ముందు దాచిపెట్టినదాన్ని తిరిగి పెడుతుంది.

క్లియర్: ఏదీ తిరిగి పెట్టదు. థ్రెడ్ మ్యాప్‌ని పూర్తిగా ఊడ్చేస్తుంది.

టెస్ట్ ముగింపులో మనకి కావాల్సింది క్లియర్. టెస్ట్ మధ్యలో తాత్కాలికంగా మరో యూజర్‌గా మారి తిరిగి రావాలంటే రిస్టోర్. ఈ రెండింటినీ కలిపేస్తే ముందు టెస్ట్ వదిలిన చెత్తని మీరే భద్రంగా తిరిగి పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు బేస్ క్లాస్. దీన్ని అబ్‌స్ట్రాక్ట్‌గా రాయండి. లోపల ఉండాల్సినవి ఇవి:

1. థ్రెడ్‌స్టేట్ రకం ఫీల్డ్ ఒకటి. దీన్ని స్టాటిక్ చేయకండి. షిరో డాక్యుమెంటేషన్‌లోని నమూనా క్లాస్‌లో ఇది స్టాటిక్‌గా ఉంటుంది, దాన్ని అలాగే కాపీ చేసిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. టెస్టులు ఒకదాని తర్వాత ఒకటి నడిచినంతకాలం ఇబ్బంది లేదు. సమాంతరంగా నడిపిన రోజున రెండు థ్రెడ్లు ఒకే ఫీల్డ్‌లో రాస్తాయి. ఒకటి నల్ చేసేస్తే రెండోది "విప్పడానికేమీ లేదు" అనుకుని వెళ్ళిపోతుంది. జూనిట్ 5 డిఫాల్ట్‌గా ప్రతి టెస్ట్ మెథడ్‌కీ కొత్త ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది కాబట్టి మామూలు ఫీల్డ్ పెడితే ఈ గొడవే ఉండదు.

2. సెట్‌సబ్జెక్ట్ అనే మెథడ్. ముందు పాత ముడి ఏదైనా ఉంటే విప్పాలి, తర్వాత కొత్త సబ్జెక్ట్‌తో సబ్జెక్ట్‌థ్రెడ్‌స్టేట్ తయారుచేసి ఫీల్డ్‌లో పెట్టాలి, చివరికి బైండ్ పిలవాలి.

3. క్లియర్‌సబ్జెక్ట్ అనే మెథడ్. ఫీల్డ్ నల్ కాకపోతే క్లియర్ పిలిచి, ఫీల్డ్‌ని నల్ చేయాలి. ఫీల్డ్ నల్ అయినా సరే థ్రెడ్‌కాంటెక్స్ట్‌లోని రిమూవ్ మెథడ్‌ని పారామీటర్ లేకుండా పిలవండి. గెట్‌సబ్జెక్ట్ తనంతట తాను కట్టిన అతిథి ముడి దీంతోనే పోతుంది.

4. ఆఫ్టర్‌ఈచ్ గుర్తు ఉన్న ముగింపు మెథడ్. ఇది క్లియర్‌సబ్జెక్ట్‌ని పిలుస్తుంది. టెస్ట్ ఫెయిల్ అయినా, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా జూనిట్ దీన్ని పిలుస్తుంది. అందుకే విప్పే పనిని టెస్ట్ మెథడ్ చివరి లైన్‌లో పెట్టకూడదు. అసర్ట్ ఫెయిల్ అయితే ఆ చివరి లైన్ దాకా కోడ్ రాదు.

బిఫోర్‌ఆల్‌లో సబ్జెక్ట్‌ని కట్టకండి. "అన్ని టెస్టులకీ ఒకే యూజర్, ఒకసారి కడితే పోలా" అనిపిస్తుంది. బిఫోర్‌ఆల్ నడిచిన థ్రెడ్, టెస్ట్ మెథడ్ నడిచే థ్రెడ్ ఒకటే అన్న హామీ సమాంతరంగా నడిపేటప్పుడు ఉండదు. బిఫోర్‌ఈచ్, టెస్ట్, ఆఫ్టర్‌ఈచ్ మాత్రం ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి, మీరు టైమవుట్ కోసం విడి థ్రెడ్ అడగనంతవరకు. బిఫోర్‌ఆల్‌లో సెక్యూరిటీ మేనేజర్ తయారుచేసుకోవచ్చు. యూజర్‌ని కట్టడం మాత్రం ప్రతి టెస్టుకీ విడిగానే.

## మూడో అడుగు: నకిలీ యూజరా, అసలు లాగినా?

యూనిట్ టెస్టులో మోక్ (నకిలీ) సబ్జెక్ట్ సరిపోతుంది. మోక్‌లు తయారుచేసే మోకిటో లైబ్రరీతో సబ్జెక్ట్ ఇంటర్‌ఫేస్‌కి ఒక మోక్ తయారుచేసి, ఈజ్‌అథెంటికేటెడ్ అడిగితే ట్రూ అనమని, గెట్‌ప్రిన్సిపల్ అడిగితే రమ అనమని చెప్పి, సెట్‌సబ్జెక్ట్‌కి ఇవ్వండి. సెక్యూరిటీ మేనేజర్ అవసరమే లేదు. ఆడిట్ లాగ్‌లో యూజర్ పేరు సరిగ్గా పడిందా లాంటివి చూడటానికి ఇది చాలు.

అనుమతులు నిరాకరించే టెస్టులకు మాత్రం మోక్‌ని నమ్మవద్దు. కారణం చెబుతాను, ఇది నిజంగా దెబ్బతీసే చోటు. అనుమతి చూడటానికి షిరోలో రెండు రకాల మెథడ్లున్నాయి. ఈజ్‌పర్మిటెడ్ ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది. చెక్‌పర్మిషన్ ఏమీ ఇవ్వదు, అనుమతి లేకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది. మోక్‌కి ఏమీ నేర్పకపోతే ఈజ్‌పర్మిటెడ్ ఫాల్స్ అంటుంది, బాగానే ఉంది. చెక్‌పర్మిషన్ మాత్రం ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. ఊరుకోవడమంటే ఇక్కడ "రా, లోపలికి రా" అనడమే. మీరు ఈజ్‌పర్మిటెడ్‌కి ఫాల్స్ నేర్పి, అసలు కోడ్ చెక్‌పర్మిషన్ వాడుతూ ఉంటే, ఏ అనుమతీ లేని మీ మోక్ యూజర్ హాయిగా డిపాజిట్ రద్దు చేసేస్తాడు. మోకే వాడాలనుకుంటే చెక్‌పర్మిషన్ పిలిచినప్పుడు అన్‌ఆథరైజ్డ్‌ఎక్సెప్షన్ విసరమని విడిగా నేర్పండి. నేనైతే నిరాకరణ టెస్టులన్నీ అసలు సెక్యూరిటీ మేనేజర్‌తోనే రాస్తాను.

అసలు లాగిన్ వరస ఇలా ఉంటుంది. సబ్జెక్ట్ బిల్డర్‌కి మీ సెక్యూరిటీ మేనేజర్‌ని పారామీటర్‌గా ఇచ్చి, బిల్డ్‌సబ్జెక్ట్ పిలవండి. వచ్చేది లాగిన్ కాని ఖాళీ సబ్జెక్ట్. ఇది థ్రెడ్‌కి తనంతట తాను కట్టుకోదు, గుర్తుంచుకోండి. దాన్ని సెట్‌సబ్జెక్ట్‌కి ఇచ్చి కట్టండి. ఆ తర్వాత యూజర్‌నేమ్‌పాస్‌వర్డ్‌టోకెన్‌లో రమ పేరు, పాస్‌వర్డ్ పెట్టి ఆ సబ్జెక్ట్ మీదే లాగిన్ పిలవండి. వెంటనే ఈజ్‌అథెంటికేటెడ్ ట్రూ అని అసర్ట్ చేయండి. ఈ అసర్ట్ అనవసరం అనిపించవచ్చు. టెస్ట్ ఫెయిల్ అయినప్పుడు లాగిన్ దగ్గరే పోయిందా, అనుమతి దగ్గర పోయిందా అన్నది ఈ ఒక్క లైన్ తేల్చేస్తుంది.

బిల్డర్‌కి సెక్యూరిటీ మేనేజర్‌ని ఇవ్వడంలో పెద్ద లాభం ఒకటుంది. ఇలా తయారైన సబ్జెక్ట్ తన సెక్యూరిటీ మేనేజర్‌ని తనలోనే మోస్తుంది, బైండ్ చేసినప్పుడు సబ్జెక్ట్‌థ్రెడ్‌స్టేట్ దాన్ని కూడా థ్రెడ్‌కి కడుతుంది. అంటే సెక్యూరిటీయుటిల్స్‌లో స్టాటిక్‌గా సెట్ చేయాల్సిన పనే లేదు. ఎక్కడా స్టాటిక్ లేకపోతే ఒక క్లాస్ సెక్యూరిటీ మేనేజర్ మరో క్లాస్‌కి తగలదు. పారామీటర్ లేని బిల్డర్ వాడితే అది స్టాటిక్‌నో థ్రెడ్‌నో వెతుక్కుంటూ పోతుంది. అది వద్దు.

లాగిన్ ఫెయిల్ అయ్యే టెస్టులు కూడా రాయండి. లేని యూజర్‌కి అన్‌నోన్‌అకౌంట్‌ఎక్సెప్షన్, తప్పు పాస్‌వర్డ్‌కి ఇన్‌కరెక్ట్‌క్రెడెన్షియల్స్‌ఎక్సెప్షన్ వస్తాయి. రెండూ అథెంటికేషన్‌ఎక్సెప్షన్ పిల్లలే. స్క్రీన్ మీద మాత్రం రెండింటికీ ఒకే సందేశం చూపించాలి, లేకపోతే ఏ యూజర్ పేర్లు ఉన్నాయో బయటివాళ్ళకి తెలిసిపోతుంది. ఆ "ఒకే సందేశం" అన్నదానికి కూడా ఒక టెస్ట్ ఉండాలి.

ఇంకో మాట. సర్వీస్ మెథడ్ మీద రిక్వయర్స్‌పర్మిషన్స్ అనే యానొటేషన్ పెట్టి, టెస్టులో ఆ సర్వీస్‌ని న్యూ అని నేరుగా తయారుచేస్తే, ఆ యానొటేషన్‌ని ఎవరూ చదవరు. దాన్ని అమలు చేసేది స్ప్రింగ్, గ్వీస్, యాస్పెక్ట్‌జే లాంటివి తయారుచేసే పొర. ఆ పొర లేని టెస్టులో రమ కూడా మేనేజరే. యానొటేషన్లని పరీక్షించాలంటే కంటెయినర్ (ఆ పొరతో కలిపి ఆబ్జెక్టులు తయారుచేసి ఇచ్చేది) నుంచి వచ్చిన ఆబ్జెక్ట్‌నే వాడాలి.

## నాలుగో అడుగు: లాగవుట్ వేరు, విప్పడం వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లాగవుట్ పిలిస్తే సబ్జెక్ట్‌లోని యూజర్ వివరాలు పోతాయి, సెషన్ ఆగిపోతుంది, రియల్మ్‌లో (యూజర్ల, అనుమతుల వివరాలు షిరోకి అందించే భాగం) ఆ యూజర్ పేరు మీద దాచిన అనుమతుల క్యాష్ పోతుంది. కానీ ఆ ఖాళీ సబ్జెక్ట్ ఇంకా థ్రెడ్‌కి కట్టే ఉంటుంది. గుంజకి తాడు అలాగే ఉంది, పశువు మాత్రమే మారింది.

విప్పితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. థ్రెడ్ శుభ్రమవుతుంది, కానీ లాగిన్ అయినప్పుడు తెరుచుకున్న సెషన్ సెక్యూరిటీ మేనేజర్ మెమరీలో బతికే ఉంటుంది, డిఫాల్ట్‌గా 30 నిమిషాల గడువుతో. క్యాష్ మేనేజర్ పెట్టి ఉంటే పాత అనుమతులు కూడా అక్కడే ఉంటాయి. ఒక టెస్టులో రమకి కొత్త రోల్ ఇచ్చి, తర్వాతి టెస్టులో తీసేసినా ఇంకా అనుమతి కనిపిస్తోందంటే కారణం ఇదే.

కాబట్టి ఒకే సెక్యూరిటీ మేనేజర్‌ని అన్ని టెస్టులకీ వాడుతుంటే ఆఫ్టర్‌ఈచ్‌లో రెండూ చేయండి, ఈ వరసలో: ముందు లాగవుట్, తర్వాత విప్పడం. లాగవుట్‌ని ట్రై లోపల, విప్పడాన్ని ఫైనల్లీ లోపల పెట్టండి. ఏ కారణంచేతైనా లాగవుట్‌లో ఎక్సెప్షన్ వస్తే థ్రెడ్ మాత్రం శుభ్రం కాకుండా ఉండకూడదు. వరస తిప్పి, విప్పిన తర్వాత సెక్యూరిటీయుటిల్స్ నుంచి సబ్జెక్ట్‌ని తీసుకుని లాగవుట్ పిలిస్తే, అది కొత్త అతిథిని కట్టి ఆ అతిథిని లాగవుట్ చేస్తుంది. రమ సెషన్ అలాగే ఉంటుంది, థ్రెడ్ మళ్ళీ మురికవుతుంది.

క్లాస్ మొత్తం అయ్యాక ఆఫ్టర్‌ఆల్‌లో లైఫ్‌సైకిల్‌యుటిల్స్ క్లాస్‌లోని డిస్ట్రాయ్‌కి సెక్యూరిటీ మేనేజర్‌ని ఇవ్వండి. కాలం చెల్లిన సెషన్లని ఏరే పని వెనకాల ఒక థ్రెడ్‌లో నడుస్తూ ఉంటుంది, అది ఆగాలి. స్టాటిక్‌గా సెట్ చేసి ఉంటే దాన్ని కూడా నల్ చేయండి. విప్పకుండా డిస్ట్రాయ్ చేస్తే, థ్రెడ్ మీద మిగిలిన సబ్జెక్ట్ చనిపోయిన సెక్యూరిటీ మేనేజర్‌ని పట్టుకుని ఉంటుంది. తర్వాతి క్లాస్‌లో వచ్చే నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌కి ఆ క్లాస్‌లో కారణం వెతికితే దొరకదు.

## అయిదో అడుగు: ఒకే టెస్టులో ఇద్దరు

రమ డిపాజిట్ రద్దుకి అర్జీ పెడుతుంది, కిరణ్ ఆమోదిస్తాడు. ఇలాంటి టెస్టుకి రమతో లాగవుట్ చేయించి కిరణ్‌తో లాగిన్ చేయించడం ఒక దారి. పని జరుగుతుంది, కానీ నిజంలో ఇద్దరూ ఒకేసారి లాగిన్ అయి ఉంటారు కదా.

ఇద్దరికీ విడివిడిగా రెండు సబ్జెక్ట్‌లు తయారుచేసి, ఇద్దరినీ లాగిన్ చేయించి, ఎవరి పనిని వాళ్ళ ఎగ్జిక్యూట్ మెథడ్‌లో పెట్టండి. సబ్జెక్ట్‌లో ఉన్న ఈ ఎగ్జిక్యూట్ మెథడ్ ఒక రన్నబుల్‌నో కాలబుల్‌నో తీసుకుని, ముందు బైండ్ చేసి, పని నడిపి, ఫైనల్లీలో రిస్టోర్ చేస్తుంది. రమ ఎగ్జిక్యూట్ లోపల అర్జీ. కిరణ్ ఎగ్జిక్యూట్ లోపల ఆమోదం. మళ్ళీ రమ ఎగ్జిక్యూట్ లోపల, తన అర్జీని తానే ఆమోదించలేదని అసర్ట్. చదివేవాళ్ళకి ఏ లైన్ ఎవరి పేరు మీద నడుస్తోందో ఇండెంటేషన్ చూస్తేనే అర్థమవుతుంది. నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే ఒక్క యూజర్ ఉన్న టెస్టుల్లో కూడా ఇదే వాడుతున్నాను.

జాగ్రత్త ఒక్కటే: సర్వీస్ నుంచి వచ్చిన ఎక్సెప్షన్‌ని అసర్ట్ చేసేటప్పుడు, కాలబుల్ రూపంలో ఇచ్చిన పనిలోంచి వచ్చే ఎక్సెప్షన్‌ని షిరో ఎగ్జిక్యూషన్‌ఎక్సెప్షన్‌లో చుట్టి ఇస్తుంది. అసర్ట్‌థ్రోస్‌ని ఎగ్జిక్యూట్ బయట కాకుండా లోపలే పెడితే ఈ చిక్కు ఉండదు.

## ఆరో అడుగు: పని మరో థ్రెడ్‌కి వెళ్తే

సర్వీస్ లోపల థ్రెడ్ పూల్ (మళ్ళీ మళ్ళీ వాడుకునే థ్రెడ్ల గుంపు) ఉంది, రిపోర్ట్ వెనకాల తయారవుతుంది. అక్కడ గెట్‌సబ్జెక్ట్ పిలిస్తే ఎవరొస్తారు?

షిరో 1.x లో థ్రెడ్ మ్యాప్ వారసత్వంగా దిగేది. కొత్త థ్రెడ్ పుట్టినప్పుడు, దాన్ని పుట్టించిన థ్రెడ్ మ్యాప్‌కి ఒక కాపీ దానికి వస్తుంది. వినడానికి సౌకర్యంగా ఉంది. పూల్ విషయానికొస్తే ఇదే విషం. పూల్‌లో థ్రెడ్ ఒకసారే పుడుతుంది, చాలాకాలం బతుకుతుంది. రమ మొదటి రిపోర్ట్ అడిగినప్పుడు థ్రెడ్ పుట్టిందనుకోండి, ఆ థ్రెడ్ మీద రమ అలాగే ఉండిపోతుంది. తర్వాత కిరణ్ అడిగిన రిపోర్ట్ కూడా అదే థ్రెడ్ మీద రమ పేరుతో నడుస్తుంది. మీ టెస్టులో ఒకే యూజర్, ఒకే రిపోర్ట్ ఉంటే అది ఎప్పుడూ పాస్ అవుతుంది. తప్పు కస్టమర్ దగ్గరే బయటపడుతుంది.

అందుకని పూల్ ఉన్న ప్రతి సర్వీస్‌కీ ఈ టెస్ట్ తప్పనిసరిగా రాయండి: ఒకే ఒక థ్రెడ్ ఉన్న పూల్ తయారుచేయండి. రమగా ఒక పని పంపి, అది అయ్యేదాకా ఆగండి. తర్వాత కిరణ్‌గా రెండో పని పంపండి. రెండో పని లోపల గెట్‌ప్రిన్సిపల్ కిరణ్ అని రావాలి. రమ అని వచ్చిందంటే తప్పు దొరికినట్టే.

దిద్దే దారులు రెండు. పనిని పంపే ముందు సబ్జెక్ట్‌లోని అసోసియేట్‌విత్ మెథడ్‌కి ఇచ్చి, అది తిరిగి ఇచ్చిన దాన్ని పూల్‌కి పంపడం ఒకటి. పూల్‌నే సబ్జెక్ట్‌అవేర్‌ఎగ్జిక్యూటర్‌సర్వీస్‌తో చుట్టేయడం రెండోది. అప్పుడు పని ఇచ్చిన క్షణంలో ఎవరున్నారో వాళ్ళతోనే అది నడుస్తుంది, అయ్యాక పాత స్థితి తిరిగి వస్తుంది. రెండోది మేలు, ఎందుకంటే కొత్తగా టీమ్‌లోకి వచ్చినవాళ్ళు మర్చిపోయే అవకాశం ఉండదు. ఏ దారి ఎంచుకున్నా టెస్ట్ చివర పూల్‌ని షట్‌డౌన్ చేయండి.

స్ప్రింగ్ సెక్యూరిటీ వాడేవాళ్ళకి ఒక్క ముక్క: అక్కడ ఈ పాత్ర సెక్యూరిటీకాంటెక్స్ట్‌హోల్డర్‌ది. టెస్ట్ మీద విత్‌మోక్‌యూజర్ అని పెడితే కట్టడం, విప్పడం అదే చేస్తుంది. కానీ మరో థ్రెడ్‌కి వెళ్తే అక్కడా ఇదే కథ. డిఫాల్ట్ మోడ్‌లో యూజర్ దాటి వెళ్ళడు, డెలిగేటింగ్‌సెక్యూరిటీకాంటెక్స్ట్‌రన్నబుల్ లాంటి చుట్టు కావాలి.

టైమవుట్ అసర్ట్‌ల గురించి కూడా. అసర్ట్‌టైమవుట్ మీ పనిని అదే థ్రెడ్‌లో నడుపుతుంది. అసర్ట్‌టైమవుట్‌ప్రీఎంప్టివ్‌లీ మరో థ్రెడ్‌లో నడుపుతుంది. రెండోదాని లోపల కట్టిన సబ్జెక్ట్ బయటికి రాదు. థ్రెడ్‌కి కట్టే వ్యవహారం ఉన్న టెస్టుల్లో మొదటిదే వాడండి.

## ఏడో అడుగు: కాపలా

ఇంతా చేశాక కూడా ఎవరో ఒకరు బేస్ క్లాస్‌ని వాడకుండా టెస్ట్ రాస్తారు. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. జూనిట్ ఎక్స్‌టెన్షన్ ఒకటి రాయండి. ప్రతి టెస్టుకి ముందు థ్రెడ్‌కాంటెక్స్ట్‌లోని గెట్‌రిసోర్సెస్ ఖాళీగా ఉందో లేదో చూడాలి, ఖాళీగా లేకపోతే టెస్ట్‌ని అక్కడే ఫెయిల్ చేయాలి. సందేశంలో థ్రెడ్ పేరు, మిగిలిపోయిన యూజర్ పేరు రాయండి. టెస్ట్ తర్వాత కూడా ఇదే పరీక్ష. ఈ తర్వాతి పరీక్షలో దొరికితే దోషి ఆ టెస్టే, ముందు పరీక్షలో దొరికితే అంతకుముందు నడిచినది.

మురికి కనిపించగానే ఎక్స్‌టెన్షనే ఊడ్చేస్తే పోలా అని అడుగుతారు. వద్దు. ఊడ్చేస్తే పూల్ థ్రెడ్ల మీద, ప్రొడక్షన్ కోడ్‌లో మిగిలే ముడులు ఎప్పటికీ కనపడవు. ముందు ఫెయిల్ చేయాలి, ఫెయిల్ చేశాకే ఊడవాలి.

కాపలా పెట్టాక బిల్డ్‌ని ఒకసారి క్లాసుల వరస మార్చి నడపండి. జూనిట్‌లో యాదృచ్ఛిక వరసకి సెట్టింగ్ ఉంది. తర్వాత జూనిట్ సెట్టింగుల్లో సమాంతర అమలుని ట్రూ చేయండి. అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినంత మాత్రాన టెస్టులు సమాంతరంగా పరుగెత్తవు, డిఫాల్ట్ మోడ్ ఒకే థ్రెడ్. మోడ్‌ని కూడా కాంకరెంట్ అని మార్చాలి. ఏదైనా క్లాస్ స్టాటిక్ సెక్యూరిటీ మేనేజర్ వదల్లేని పరిస్థితిలో ఉంటే దాన్ని ఒకే థ్రెడ్‌లో నడపమని గుర్తు పెట్టడం సరిపోదు, మరో క్లాస్ పక్కన నడుస్తూనే ఉంటుంది. రిసోర్స్‌లాక్ అనే యానొటేషన్‌తో ఆ స్టాటిక్‌ని తాకే క్లాసులన్నింటికీ ఒకే తాళం పేరు ఇవ్వండి.

## లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలి

విడిగా ఫెయిల్, కలిపితే పాస్: మీ టెస్టులో లాగిన్ లేదు, ముందు క్లాస్ యూజర్‌ని అరువు తెచ్చుకుంటోంది. విడిగా పాస్, కలిపితే ఫెయిల్: ముందు క్లాస్ విప్పలేదు, లేదా చనిపోయిన సెక్యూరిటీ మేనేజర్ మిగిలింది.

లాగిన్ సమయంలో, సెషన్ కాంటెక్స్ట్ హెచ్‌టీటీపీకి సరిపడేది కావాలి అనే అర్థంతో ఎక్సెప్షన్ వస్తే, మీరు వెబ్ సెక్యూరిటీ మేనేజర్‌కి మామూలు సబ్జెక్ట్ ఇచ్చారు. వెబ్ లేని టెస్టుల్లో డిఫాల్ట్‌సెక్యూరిటీమేనేజర్ వాడండి.

లాగిన్ అయ్యాక కూడా గెట్‌ప్రిన్సిపల్ నల్ వస్తే, మీరు లాగిన్ చేసిన సబ్జెక్ట్, థ్రెడ్‌కి కట్టిన సబ్జెక్ట్ ఒకటేనా చూడండి. బిల్డ్ చేసినదాన్ని కట్టకుండా లాగిన్ చేస్తే, కోడ్ లోపల గెట్‌సబ్జెక్ట్‌కి దొరికేది వేరే అతిథి.

పదిసార్లలో ఒకసారి మాత్రమే ఫెయిల్ అయ్యే టెస్ట్ అయితే, మళ్ళీ రన్ నొక్కి పాస్ అయిందని మెర్జ్ చేయకండి. ఫెయిల్ అయిన చోట థ్రెడ్ పేరు, ఆ క్షణంలో థ్రెడ్‌కాంటెక్స్ట్‌లో ఉన్నదంతా లాగ్‌లో రాయించండి. థ్రెడ్ పేరు పూల్‌దైతే ఆరో అడుగుకి వెళ్ళండి. మెయిన్ థ్రెడ్ అయితే, అంతకుముందు ఆ థ్రెడ్‌లో నడిచిన క్లాస్ ఏదో చూసి, దాని ఆఫ్టర్‌ఈచ్ తెరవండి.